నోటి సిస్తు

"నోరు తెరువు బిడ్డా."

రాళ్ళగూడెంలో బస్సు దిగీదిగగానే ఆ కొత్తమనిషి అన్న మొదటి మాట అది.

అన్నది జానయ్య చాయ్ హోటల్ ముందు గోలీలాడుకుంటున్న పిల్లలతో.

"ఎవ్వలు సారూ మీరు? పోరగాండ్ల నోట్లె ఏమున్నది?" జానయ్య చాయ్ గిన్నె దించి లేచొచ్చాడు.

"పండ్ల మీద మరకలున్నయి. గీ పక్క బాయి నీళ్ళేనా తాగేది?"

"తాగుడా! నార్కట్‌పల్లి లారీ డ్రైవర్లు నా చాయ్ కోసమే గిక్కడ ఆగుతరు సారూ. అంతా గీ తీపి బాయి మహిమ!"

ఆయన జానయ్య వైపు తిరిగాడు. మెడ తిప్పి కాదు, మనిషి మొత్తం తిరిగాడు.

"గీ బాయి ఇడిసిపెట్టుండ్రి. మైలు దూరమైనా చెరువు కింది బాయికి పోండ్రి. గీ నీళ్ళు ఎముకలను వంచుతయి."

జానయ్యకు ఒళ్ళు మండింది. బావి మూస్తే హోటల్ కూడా మూసుకోవాల్సిందే!

ఆయన చెక్కపెట్టెలోంచి సీసాలు తీసి బావినీళ్ళు నింపుకున్నాడు. సాయంత్రం ఊరంతా చావడి దగ్గరికి రావాలనీ, పిల్లల నోళ్ళు చూసి పేర్లు రాసుకుంటాననీ చెప్పాడు.

ఊరు మెత్తబడింది. ముసలి నర్సింగమ్మ నడుం ఎందుకు వంగిందో అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు మరి.

జానయ్య ఊరుకునే రకమా? వెక్కిరించడంలో చుట్టుపక్కల పది ఊళ్ళలో అతన్ని మించినవాడు లేడు. డప్పు కొట్టే సైదులును పిలిచి, చాయ్ పోసి, చెవిలో ఊదాడు. సైదులు నవ్వలేక కూలబడ్డాడు.

గంటలో డప్పు మోగింది.

"ఇనుండ్రహో! సర్కారు నోటి సిస్తు ఏసింది! నోట్లె ఎన్ని పండ్లుంటె గంత సిస్తు! మెడ తిరగని ఆఫీసరు లెక్కకొచ్చిండు! బర్లకు మాఫీ, మనుషులకు లేదహో!"

ఎవరైనా నమ్ముతారా అంటారేమో. పెళ్ళికి ఇంత, చావుకు ఇంత అని దొరలకు కట్టిన ఊరది. ఆ రాజ్యం పోయి ఇంకా ఏడేళ్ళే. సగం మంది నమ్మారు, సగం మంది నవ్వారు. నవ్వినవాళ్ళు కూడా నోరు తెరవలేదు!

చావడి దగ్గర ఆ సంబరం చూడాల్సిందే! రుమాళ్ళతో, కొంగులతో మూతులు కట్టుకుని మరీ వచ్చింది ఊరు.

"నోరు తెరువు నాయినా."

"ఊహూఁ!"

"నువ్వు తెరువు తల్లీ."

"ఊహూఁ!"

జానయ్య ఆయన వెనకే చేరి, మెడ బిగబట్టి, మనిషి మొత్తం తిరుగుతూ నడిచి చూపించాడు.

"సర్కారోళ్ళు అంగీకే గాదు, మెడకు గూడ గంజి పెట్టిండ్రు!"

ఊరు పగలబడి నవ్వింది.

నర్సింగమ్మ ఒక్కతే కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. "నా నోరు చూడు కొడుకా. నాకు పండ్లే లేవు, నాకేం సిస్తు!"

మళ్ళీ నవ్వులు. ఆయన కూడా నవ్వాడు. ఆమె నోరు చూసి, నోటుబుక్కులో ఏదో రాసి మూసేశాడు.

బస్సెక్కే ముందు జానయ్యను దగ్గరికి పిలిచాడు.

"డప్పు నీదేనట గదా. జనం నీ మాట ఇంటరు తమ్మీ. గా మాట నాకు లేకపాయె. నీ బిడ్డకన్న చెరువు బాయి నీళ్ళు తాగిపియ్యి."

ఇంట్లో సోమమ్మ రెండేళ్ళ అండాలును ఒళ్ళో పెట్టుకుని మొగుణ్ణి నిలదీసింది.

"నవ్వులాట మంచిగనే ఉన్నది. గాయన చెప్పింది నిజమా కాదా, ఎవ్వలన్న అడిగిండ్రా?"

"అడుగుడెందుకే? ఊరంతా మన దిక్కే ఉన్నది!"

నెల తిరక్కుండా నోటి సిస్తు నకిరేకల్ దాటి భువనగిరి దాకా పాకింది. సీసాల పెట్టె కనబడితే చాలు, నోళ్ళు మూతపడ్డాయి. బస్సు కండక్టర్లు ఆ ముచ్చటను తెచ్చి జానయ్యకే చెప్పేవాళ్ళు. "గది పుట్టింది నా హోటల్లనే!" అని అతను ఛాతీ విరుచుకునేవాడు. ఎంత సంబురం!

పదకొండేళ్ళు తిరిగేసరికి అండాలు మోకాళ్ళు లోపలికి వంగి, ఒకదానికొకటి తగులుకున్నాయి.

హైదరాబాదు దవాఖానలో డాక్టరు పిల్ల కాళ్ళు చూశాడు. నోరు తెరిపించి చూశాడు.

"ఏ ఊరు?"

"రాళ్ళగూడెం సార్. కాళ్ళు సక్కగైతయా?"

"వంగింది సక్కగాదు. నీళ్ళు మారిస్తె ఇంకా వంగకుండ ఆపొచ్చు."

డాక్టరు బీరువాలోంచి పాత నోటుబుక్కు తీసి ఒక పేజీ చూపించాడు. పైన రాళ్ళగూడెం అని ఉంది. కింద ఒక్కటే పేరు, నర్సింగమ్మ.

"గీ పుస్తకంల పిల్లల పేర్లున్న పన్నెండు ఊర్లకు కొత్త బాయిలు మంజూరైనయి. మీ ఊరి పేజీల ఒక్క పిల్ల పేరు లేదు. నేను సర్కారుకు ఏం చూపియ్యాలె?"

జానయ్య ఆ పేజీ మీద వేలు పెట్టాడు. "గా ఆఫీసరు సారు ఏడున్నడు? ఆయన కాళ్ళు పట్టుకుంట."

"చనిపోయి నాలుగేండ్లాయె. పోయే ముందు గీ పుస్తకం నాకిచ్చిండు."

జానయ్య గోడకు ఆనుకుని ఏడ్చేశాడు. "డప్పు కొట్టిచ్చింది నేనే సార్! మెడ తిరగని ఆఫీసరని ఊరందరి ముందు ఆయన లెక్క నడిచి నవ్విచ్చిన!"

డాక్టరు నోటుబుక్కు మెల్లగా మూశాడు.

"ఆఫీసరెక్కడయ్యా? బుచ్చయ్య అని బడిపంతులు, గసొంటి బాయి నీళ్ళే తాగి పెరిగిండు. గా మెడకు మందు లేదని నేను చెప్పిననాడే, పిల్లల మెడలన్న తిరగాలె సార్ అని సీసాలు పట్టుకొని బయలుదేరిండు."