వీరమ్మ వంతు

"వీరమ్మ! వీరమ్మ ఎవరమ్మా?"

ఆయా తెరేసమ్మ స్కానింగు గది తలుపు దగ్గర నిలబడి రెండోసారి అరిచింది. బెంచీ మీది ఆడమనిషి కదల్లేదు. నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. పక్కనే నిలబడ్డ సూరయ్య బెంచీ చెక్కను వేళ్లతో కొట్టాడు.

"నిన్నే. లే."

ఆమె ఉలిక్కిపడి లేచింది.

"చెవుడా?" అంది తెరేసమ్మ.

"తలనొప్పండీ. వచ్చిందంటే ఏదీ వినపడదు," అన్నాడు సూరయ్య.

"ఇంకోసారి పిలిచి పలక్కపోతే వెనకవాళ్లని పంపేసేదాన్ని. మళ్లీ వంతంటే ఎప్పటి మాటో తెలుసా?"

సూరయ్యకి తెలుసు. చలికాలంలో కొల్లేటి లంక నుంచి బెజవాడ పెద్దాసుపత్రికి వచ్చి పేరు రాయించాడు. తలలో ఏదో పెరుగుతోందని డాక్టరు గారి అనుమానం. ఫోటో చూడందే కత్తి పట్టనన్నారు. డబ్బు కట్టకుండా ఫోటో తీసే మిషను అక్కడున్నదొక్కటే. ఎండల్లో అందులో ఏదో కాలిపోయింది. సామాను మద్రాసు నుంచి రావాలన్నారు. వానలు పడ్డాయి. కొల్లేట్లో చేప ఎదురెక్కింది. సామాను రాలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ప్రైవేటులో తీస్తారని ఎవరో చెబితే వెళ్లాడు. రేటు విని గుమ్మంలోంచే తిరిగొచ్చాడు. వానలు వెనకపట్టాక గానీ పెద్దాసుపత్రి మిషను బాగవలేదు.

"పేరు?" అడిగింది తెరేసమ్మ.

"వీరమ్మండీ."

"మొగుడి పేరు?"

"సూరయ్య."

తెరేసమ్మ తలెత్తింది.

"అబ్బో! మీ లంకల ఆడాళ్లు మొగుడి పేరడిగితే పక్కవాళ్లని గిల్లి చెప్పిస్తారు. నువ్వేంటే, చేపల బేరానికి కేకేసినట్టు చెప్పావు?"

వరసలో ఉన్న ఆడాళ్లు నవ్వారు. ఆమె నాలిక కరుచుకుంది. సూరయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పట్నం వచ్చింది కదండీ. సిగ్గు కైకలూరు బస్సులో వదిలేసింది," అన్నాడు ఎలాగో.

తెరేసమ్మ అతన్ని చూసింది. ఆమెను చూసింది. వెనక గోడవారన కూలబడ్డ జనాన్ని చూసింది. తలుపు తీసింది.

ఆమె లోపలికి వెళ్లిన కాసేపటికే కరెంటు పోయింది. తలుపు మీది ఎర్రదీపం ఆరిపోయింది. ఎవరో తిట్టుకున్నారు. జనరేటరు అందుకునేదాకా సూరయ్య ఆ దీపం మీంచి చూపు తిప్పలేదు.

సాయంత్రం డాక్టరు హేమసుందర్ గారు ఫిల్మును వెలుతురు డబ్బాకి తగిలించి చూశారు.

"మూర్ఛలు వస్తున్నాయన్నావు కదా. ఇంకా వస్తున్నాయా?"

ఆమె సూరయ్య వైపు చూసింది.

"ఈ మధ్య రావట్లేదండీ," అన్నాడు సూరయ్య.

"మంచిదే. గడ్డ ఉంది. కానీ చిన్నది, పైపైన ఉంది. ఈ వారంలోనే తీసేద్దాం."

"బతుకుద్దాండీ?"

"బతుకుతుంది. చూపు కూడా నిలుస్తుంది. ఇంకొన్నాళ్లు ఆగితే నా చేతిలో ఉండేది కాదు. సమయానికి తెచ్చుకున్నావయ్యా నీ భార్యని."

సూరయ్య అక్కడే చతికిలబడ్డాడు. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

"మంచి మాట చెబితే ఏడుస్తావేంటి?" అన్నారు డాక్టరు గారు.

"లే మావా," అంది ఆమె. "నా పిల్లలకి నేనుంటాను. లే." వంగి అతని కాళ్లకు దణ్ణం పెట్టింది.

తెరేసమ్మ వాళ్లను వరండా చివరికి తీసుకెళ్లింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుంది.

"ఇప్పుడు చెప్పు. ఎవరీ పిల్ల?"

సూరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పక్కింటి మణెమ్మండీ. దీనికీ ఇదే నొప్పి. కొత్తగా పేరు రాయిస్తే వంతు ఎప్పటికొస్తుందో అని..."

"సిగ్గులేదూ నీకు?" తెరేసమ్మ గొంతు లేచింది. "ఇంట్లో పెళ్లాం తల పట్టుకుని కూచుంటే, దాని వంతు పట్టుకొచ్చి పక్కింటిదానికి ఇస్తావా?"

"వీరమ్మ వానల్లోనే పోయిందండీ."