ఏనుగు కట్టిన కంచె

ఆ వాగు ఎప్పుడు ఎండిందో ఇసుకకే గుర్తులేదు. వెన్నెల రంగు ఇసుకలో కుందేలు తవ్విన చెలమలో మాత్రం నీళ్లు కలలా ఊరేవి. ఎవరైనా తాగొచ్చు. తాగినవాళ్లు జారిపడిన ఇసుకను కాస్త తోడిపోవాలి, అంతే.

"ఎంత మంచి మనసే నీది!" అంటూ ఏనుగు రోజూ తాగింది, తవ్వడమూ నేర్చుకుంది. పక్కనే తనకో చెలమ తవ్వుకుని చుట్టూ ముళ్లకంచె కట్టింది.

"ఇదేంటి మామా?" అంది కుందేలు.

"నీదంటే అందరిదీ. ఇది నా కష్టం."

గాలి ఆగలేదు. ఒక్క తొండం ఎంత ఇసుకని తోడుతుంది? కంచెలోని చెలమ పూడిపోయింది. ఏనుగు తలవంచుకుని పాత చెలమకే వచ్చింది.

"తాగు మామా," అని కుందేలు పక్కకు జరిగింది.

ఏనుగు కడుపునిండా తాగింది. తిన్నగా వెళ్లి, పూడిన చెలమ చుట్టూ కంచె బిగించి, కాపలా కూర్చుంది.