కోడుమూరు నుంచి ఎవరో

“నిన్న కూడా వచ్చినాడా వాడు?” అని అడిగింది డాక్టర్ పద్మప్రియ.

“వచ్చినాడు మేడమ్,” అన్నాడు శామ్.

“మరి తలుపు మూసేయవేమప్పా?”

శామ్ కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు.

రెండు వేల ఆరు సంవత్సరం. కడపలోని ఆ మిషన్ ఆస్పత్రికి సొంత మెయిల్ సర్వర్ ఉంది. దాన్ని చూసుకునేది శామ్ ఒక్కడే. రోగుల రక్తపరీక్షల రిపోర్టులన్నీ దాంట్లోనే ఉంటాయి. కొంతకాలంగా బయటి నుంచి ఎవరో లోపలికి రావడానికి ప్రయత్నిస్తున్నారు. అన్ని ఖాతాల్లోకీ కాదు, ఒక్కదాంట్లోకే. నర్సు కృపారాణిది.

“మూసేస్తే వాడు ఇంకో దారి వెతుక్కుంటాడు మేడమ్. వాడెవడో, వానికేం కావాలో తెలిస్తే మనం జాగ్రత్త పడొచ్చు. కొంచెం టైమ్ ఇవ్వండి.”

డాక్టరమ్మ వెంటనే కాదనలేకపోయింది. పోయిన వానాకాలం ఒక వైరస్ ఎన్నో ఆఫీసుల కంప్యూటర్లను ముంచేసింది. అది వస్తోందని ఎక్కడెక్కడి హెచ్చరికలో చదివి, ముందే అన్నీ సర్దిపెట్టాడు శామ్. ఈ ఆస్పత్రిలో ఒక్క రిపోర్టూ పోలేదు.

“అయినా ఎవరూ వాడని ఖాతా కదప్పా అది,” అందామె, గొంతు తగ్గించి. “కృపారాణి ఇప్పుడు లేదు కదా. సోమవారం తీసేయ్. నీకు కష్టమైతే చెప్పు, వేరేవాళ్లతో తీయిస్తా.”

ఆమె వెళ్లిపోయాక శామ్ తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

కావాలంటే ఆ మెయిళ్లు అతనే తెరిచి చూడగలడు. సర్వర్ అతని చేతిలోనే ఉంది. తెరవలేదు. ఒకరి ఉత్తరాలు అడగకుండా చదవడం అతనికి చేతకాదు. బయటి మనిషి కొట్టిన తప్పు పాస్‌వర్డులు మాత్రం తన కంట పడేలా ఒక ఏర్పాటు చేసుకున్నాడు.

వాటిని బట్టి చాలా తెలిసింది. యంత్రమైతే నిమిషానికి వందల మాటలు కొడుతుంది. ఈ మనిషి సాయంత్రానికి ఒక్క మాట కొట్టి పోతాడు. ఆదివారం రాడు. ఇంగ్లీషు అక్షరాలే గానీ మాటలు తెలుగువి.

మొదట హోసన్నా. మరునాడు సీతాపండు. ఇంకోనాడు నల్లమేక. తర్వాత చుక్కలగౌను.

చుక్కలగౌను అన్న మాటను శామ్ మళ్లీ మళ్లీ చదివాడు. ఈ మాటలేవీ కృపారాణి నోట అతను ఎన్నడూ వినలేదు. ఎవడో కృపారాణిని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. ఆమె ఏం తినేదో, ఏం తొడుక్కునేదో గుర్తుపెట్టుకున్నవాడు. వాడికి ఇంత తెలుసని కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు.

పని అయిపోయినా క్వార్టర్సుకు వెళ్లబుద్ధయ్యేది కాదు. పొద్దున కట్టుకొచ్చిన అన్నమే చల్లారిపోయి ఉంటే తెర ముందు కూర్చుని తినేవాడు. ఆ సాయంత్రపు మాట కోసం ఎదురుచూడటం అలవాటైపోయింది. ఆదివారాలు గడవడం కష్టంగా ఉండేది.

ఆ శుక్రవారం సాయంత్రం ఇంకో మాట వచ్చింది.

శామ్.

తన పేరే. లోపలికి రావాలనుకునేవాడికి కాపలా కాస్తున్నదెవరో తెలుసు!

ఇక ఆగలేదు. వచ్చిన ప్రతిసారీ అవతలి కంప్యూటర్ తన చిరునామా అంకెల్లో వదిలి వెళ్తోంది. ఆ అంకెలు ఎక్కడివో నెట్ కంపెనీలో తెలిసినాయనకు ఫోన్ చేసి అడిగాడు.

“కోడుమూరప్పా. బస్టాండు పక్కన ఒక నెట్ సెంటర్ ఉండాది, దానివి,” అన్నాడాయన.

ఆ ఊరి పేరు శామ్ కాగితం మీద రాసుకోవాల్సిన అవసరం లేకపోయింది.

మరునాడు కర్నూలు బస్సెక్కాడు. మైదుకూరు దాటాక దారికి రెండు పక్కలా ఎండిన చేలు. పక్క సీటాయన ఏ ఊరు పోతాండావని అడిగితే కోడుమూరన్నాడు. ఎవరున్నారక్కడ అని అడిగితే కిటికీ వైపు తిరిగాడు. ఎవడైనా కుర్రాడు దొరికితే ఏం చేయాలి? పోలీసులకు చెప్పాలా, కొట్టాలా, కూర్చోబెట్టుకుని ఆ నల్లమేక సంగతి అడగాలా? కర్నూలులో బస్సు మారేటప్పటికి కూడా ఏదీ తేలలేదు.

నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లు. ఒక్కదాని ముందే మనిషి ఉన్నాడు, సెంటర్ నడిపే శేషన్న. అతని పక్కన స్టూలు మీద ఒక ముసలామె, తలుపు వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది.

“కడప ఆస్పత్రి మెయిలు రోజూ తెరవాలని చూసేది ఎవరు?” అని అడిగాడు శామ్.

శేషన్న గభాలున లేచి నిలబడ్డాడు.

“కొట్టేది నేనే సార్. తప్పేమన్నా ఉండాదా? ఈయమ్మకు చదువు రాదు, దాంట్లో ఉండే ఉత్తరాలు చదివించుకోవాలంట. రోజూ ఒక మాట గుర్తు చేసుకోని వస్తాది, ఇది కొట్టి చూడప్పా అంటాది. తెరుచుకోదు. రేపు మళ్లా వస్తాలే అని పోతాది. ముసలామె, ఎట్ల కాదనేది సార్?”

ముసలామె తల తిప్పి చూసింది. స్టూలు పట్టుకుని మెల్లగా లేచింది.

“వచ్చినావా అల్లుడా,” అంది, “మన కృపను మట్టిలో పెట్టినాక మళ్లా ఇదేనప్పా నిన్ను చూడటం, అది పెట్టుకున్న మాట ఏందో మొగునివి నీకైనా చెప్పిందా?”