ముక్కు మీద మసి

దైవాశీర్వాదం గీసిన కోడిపుంజును చూసి పొరుగింటి పుంజు పోట్లాటకొచ్చింది. పంతొమ్మిదివందల ఎనభై మూడులో అమెరికాలోని షామ్‌బర్గ్ వచ్చినప్పటినుంచి మనవరాలు నవోమికి ఆయన రోజూ ఈ మాట చెబుతూనే ఉన్నాడు. అంతటి చిత్రకారుడు కనుకనే, ఆ పిల్ల గీసిన తన బొమ్మకి మొహం నిండా మసి చూసి ఊరుకోలేక, తువ్వాలుతో శుభ్రంగా తుడిచేశాడు.

నవోమి హైస్కూలు నుంచి వచ్చి చూసింది.

"తాతయ్యా, ఏం చేశావ్?"

"బొగ్గు అంటుకుంటేనూ, తుడిచానమ్మా."

"అది బొగ్గుతోనే వేసిన షేడింగ్ తాతయ్యా. నీ ముక్కు."

కాగితం మీద ముక్కూ లేదు, మీసమూ లేదు. కోటు గుండీలు మిగిలాయి. యూనివర్సిటీలో డ్రాయింగ్ క్లాసుకి తీసుకోవాలంటే పది బొమ్మలు పంపాలి. ఇది పదోది. ఇవాళే ఆఖరి రోజు, ఐదింటికి పోస్టాఫీసు మూసేస్తారు.

"మళ్ళీ కూర్చుంటాగా. కోటు వేసుకొస్తానుండు."

"వద్దు. అలాగే ఉండు."

వారం రోజులు ఛాతీ విరిచి, వాచీ కనబడేలా కూర్చున్న మనిషికి ఇప్పుడు నల్లబడ్డ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

నాలుగున్నరకి నవోమి కాగితం తిప్పి చూపించింది. పలక పగలగొట్టుకున్న పిల్లాడిలా ఒక ముసలాయన.

"ఇది నేనా?"

"ఇన్ని రోజులు ఫోటోకి కూర్చున్నావ్ తాతయ్యా. ఇవాళ నాకు కూర్చున్నావ్."

ఆయన తువ్వాలు మెల్లిగా వీపు వెనక్కి తోశాడు.

నవోమికి సీటొచ్చిన మాట నిజం. బొమ్మ తుడిచిన మాటా నిజమే, తుడిచింది నేనే గనుక. పుంజు ఒక్కటే కల్పించాను. నేను గీసిన దాని కింద 'కోడి' అని రాస్తే తప్ప మా పంతులుగారే పోల్చుకోలేకపోయేవారు.