వెనక ఎర్ర కారు

“ఎర్ర కారు మళ్లీ కనిపించింది రోహిత్!”

వెనక అద్దంలోంచి చూస్తూ బిందు అరిచింది. రోహిత్ వేగం పెంచాడు. రేపల్లె దాటి బాపట్ల రోడ్డెక్కిన తెల్ల కారు ఒక గుంతలో పడి ఎగిరింది. వెనక సీట్లో బిందు ఒళ్లో పడుకున్న పాప మాత్రం కదల్లేదు.

“మెల్లగా! పాప లేస్తే ఏడుపు మొదలెడుతుంది.”

“లేవదులే. దగ్గు మందు వేశావుగా.”

“తెనాలి నుంచీ వదలకుండా వస్తున్నాడు. రేపల్లె సందుల్లో తప్పించుకున్నాం అనుకున్నా.”

“బాపట్ల చేరితే చాలు. అక్కడ మనవాళ్లుంటారు.”

“చేరేలోపు అందుకుంటే? పాపను లాక్కుంటారు!”

ఎదురుగా వరిగడ్డి లారీ. రోహిత్ కారును పక్కకి తిప్పి, మట్టి అంచు మీదుగా దాన్ని దాటేశాడు. వెనక ఎర్ర కారు హారన్ ఆపకుండా మోగుతోంది.

బిందు ఫోన్ తీసింది. ముందు ఎర్ర కారును, తర్వాత తన ముఖాన్ని, నిద్రలో ఉన్న పాపను వీడియో తీసింది.

“అన్నయ్యలూ, అక్కయ్యలూ, దండం పెడతాను, కాపాడండి! వెనక ఎర్ర కారులో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వస్తున్నారు. పాప కోసం వెంటపడ్డారు. బాపట్ల రోడ్డులో తెల్ల కారులో ఉన్నాం. ఎవరైనా ఆపండి!”

‘మన ఊళ్లు – మన కబుర్లు’ ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టేసింది. తెనాలి, రేపల్లె, బాపట్ల జనం వేలల్లో ఉన్న గ్రూపు అది. పెళ్లి ఫొటోలు, కరెంటు కోతలు, కూరల ధరలు తప్ప ఇంకేమీ రాని ఆ గ్రూపు ఒక్కసారిగా భగ్గుమంది.

‘వాళ్లను వదలకండి!’

‘అయ్యో, ఆ పాప ముఖం చూడండర్రా.’

‘మా చర్చి వాట్సాప్‌లో వేశా. అందరూ వేయండి.’

ఫోన్ మోగింది.

“అమ్మాయ్, నేను జగన్నాథరావును, గ్రూపు అడ్మిన్‌ని. పోలీసులకు చెప్పారా తల్లీ?”

“చెప్పామండి. వాళ్లొచ్చేసరికి అంతా అయిపోయేలా ఉందండి బాబాయ్ గారూ!”

“ఏడవకు. ముందు కాలవ వంతెన వస్తుంది. అది దాటండి, చాలు. అక్కడ మన యలమంద ఉన్నాడు.”

వంతెన దగ్గర సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. మిగిలిన సగంలో జనం. రోహిత్ బ్రేకు మీద కాలేశాడు.

“తెల్ల కారు! మనదే, మనదే! దారివ్వండెహె!” పంచె ఎగ్గట్టిన ఒకాయన చేతులూపుతూ అరిచాడు. ఆయనే యలమంద. నలుగురు పరుగెత్తి పరదాలతో సహా ధాన్యాన్ని పక్కకి లాగారు. చెమటోడ్చి ఎండబెట్టిన గింజలు కాలవ గట్టు మీదకి జారిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

వరమ్మ అనే ముసలామె కిటికీలోంచి నీళ్ల సీసా అందించింది. పాపను చూసి మెటికలు విరిచింది. “నా తల్లే! అచ్చం నీ పోలికేనే అమ్మాయ్. గుండెలకదుముకో.”

“అబ్బా, కబుర్లు తర్వాత వరమ్మత్తా! నువ్వు పోనీ బాబూ!” యలమంద కారు మీద చరిచాడు.

తెల్ల కారు దూసుకుపోయింది. ఆ వెంటే ఒక ట్రాక్టరు రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడింది. చర్చి మైకులో ఎవరిదో గొంతు వినిపించింది. “ఎర్ర కారు వచ్చేస్తోంది! మగాళ్లంతా వంతెన దగ్గరికి రండి!”

బిందు వెనక్కి చూసింది. దుమ్ము, జనం, కర్రలు. వాటి మధ్య ఎర్ర కారు ఆగిపోయింది.

“ఆపేశారు రోహిత్! ఆపేశారు!”

రోహిత్ స్టీరింగు మీద గట్టిగా కొట్టి నవ్వాడు. “ఇంత పని చేస్తారనుకోలేదు!”

“అందుకే చెప్పాను, గ్రూపులో పెడదామని. నువ్వే భయపడ్డావు.”

పొలాల వెంట కారు హాయిగా సాగింది. దారిలో రెండు ఊళ్ల వాళ్లు రోడ్డు పక్కన నిలబడి చేతులూపారు. ఒకచోట కుర్రాళ్లు ఈలలేశారు. బాపట్ల రైల్వేస్టేషన్ ముందు కారు ఆగేసరికి ఫోన్ నిండా అభినందనలే. అడ్మిన్ జగన్నాథరావు వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. ‘మన ఐకమత్యం చూశారా! ఒక బిడ్డను కాపాడుకున్నాం.’

వంతెన దగ్గర నుంచి ఎవరో లైవ్ పెట్టారు. బిందు తెరిచింది.

“సౌండ్ తీసెయ్,” అన్నాడు రోహిత్.

తీసేసింది. తెర మీద ఎర్ర కారు అద్దాలు పగిలి ఉన్నాయి. చొక్కా చిరిగిన ఒకతన్ని యలమంద కాలరు పట్టుకుని గుంజుతున్నాడు. కారులోంచి దిగిన ఆడమనిషి వరమ్మ కాళ్ల మీద పడి ఏదో చెబుతోంది. వరమ్మ ఆమెను తోసేసింది. కింద కామెంట్లు పరుగులు తీస్తున్నాయి. ‘దొంగ ఏడుపు.’ ‘మహానటి!’ ‘ఇంకో రెండు తగిలించండి.’

“పాపం, పాపను జాగ్రత్తగా చూసుకోమని ఎంతమంది రాశారో!” బిందు నవ్వుతూ ఫోన్ రోహిత్ వైపు తిప్పింది.

అప్పుడే పాప ఒళ్లో కదిలింది. కళ్లు నులుముకుంటూ లేచి కూర్చుంది. ఫోన్ తెర వైపు తొంగి చూసింది.

“ఆంటీ, మా అమ్మెందుకు ఏడుస్తోంది?”