చలిమిడి ముద్ద

"రిపోర్టులో షుగరుందమ్మా. కంపెనీవాళ్ళు ప్రీమియం బాగా పెంచుతారు, లేదంటే కాన్పయ్యాక రమ్మంటారు," అన్నాడు మిరప కల్లం దగ్గరికొచ్చిన పాలసీల ఏజెంటు వేణుగోపాల్.

ఏడో నెల గర్భిణి మా అమ్మాయి ధనశ్రీ. దాని ముఖం పాలిపోయింది. "కాన్పయ్యాక ఎందుకండీ? కాన్పులో నాకేమన్నా అయితే బిడ్డకి ఆ డబ్బు ఉంటుందనే కదా!"

ఆ మాటకి ఇక దాచలేకపోయాను.

"బాబూ, ఆ పరీక్ష తప్పు! పరగడుపున రమ్మన్నారని తెలిసి కూడా, పిల్ల కళ్ళు తిరిగి పడిపోతుందేమోనని, పొద్దున్నే చలిమిడి ముద్ద చేతిలో పెట్టాను. బెల్లం దండిగా వేశానయ్యా, కడుపు చలవని. షుగరు నా చలిమిడిది, పిల్లది కాదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, మళ్ళీ పరీక్ష చేయించు."

వేణుగోపాల్ నవ్వేశాడు. "భలేదానివే పెద్దమ్మా! ఈ ముక్క ముందే చెప్పొద్దూ? మళ్ళీ చేయిద్దాం. షుగరు లేకపోతే మామూలు రేటే."

రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాను. ఎంత తిట్టినా పడదామని కూతురి వైపు తిరిగాను.

ధనశ్రీ తల ఎత్తలేదు.

"నేను తినలేదమ్మా. నువ్వు బాధపడతావని చెప్పలేదు. పరీక్షకి దర్శి బస్సెక్కే ముందే గేదె కుడితిలో వేసేశాను."