ముద్దుమాట తెలియని ఉయ్యాల

పురిటిపిల్లల్ని మాట్లాడే ఉయ్యాలలే సాకుతున్న రోజులవి. వాటిని కనిపెట్టింది తునిలో పసిపిల్లల డాక్టరమ్మ హైమవతి. పరిశోధన, పరిశోధన అంటూ ముప్పై ఏళ్ళలో ఒక్క పూటైనా వేడన్నం తిని ఎరగదు, పాపం.

నెలలు నిండకుండా పుట్టిన ఓ పిల్ల నలభై రోజులు ఉయ్యాలలో ఉండి, ఇవాళ ఇంటికి వెళ్ళాలి. నాయనమ్మ సూరమ్మ వచ్చింది. పొగిడితే దిష్టి తగులుతుందని, వంగి చూసి, "ఛీ, కోతిమొహందానా!" అంది. అంతే, ఉయ్యాల మూత టపీమని పడిపోయింది.

"తిట్టేవాళ్ళకి పిల్లనివ్వను," అంది ఉయ్యాల.

"నీ మొహం మండ! అది తిట్టా? ముద్దు!" అని సూరమ్మ లబలబలాడింది. "డాక్టరమ్మా, పిల్లకి పాలవేళయింది. దీన్ని పగలగొట్టమంటావా?"

హైమవతి గబగబా ఉయ్యాల దగ్గరికి వచ్చింది. చెడ్డమాట వినపడితే మూసుకోమని నేర్పింది తనే మరి! ఉయ్యాలకి చెవి ఎక్కడుందో తనకే తెలుసు కనక, అక్కడ నోరు పెట్టి చెప్పింది.

"పిచ్చిదానా, మనవాళ్ళకి ఎంత ప్రేముంటే అంత వంకర పేరు పెడతారు. పెళ్ళీడొచ్చేదాకా మా అమ్మ నన్ను గుడ్లగూబా అనే పిలిచింది. ఏనాడైనా అన్నం పెట్టకుండా పడుకోబెట్టిందా?"

ఉయ్యాల కాసేపు గుర్రుమంటూ ఆలోచించింది. మూత మెల్లగా తెరుచుకుంది.

సూరమ్మ పిల్లని గుండెకి హత్తుకుని గుమ్మం దాటుతోంది. నలభై రోజులు సాకిన ఉయ్యాల ఖాళీగా ఒకసారి ఊగింది.

"పోవే, చీమిడిముక్కుదానా!" అంది.